నాలుగు చక్రాల చోదకం: నేలను బట్టి అమరిక ఎంపిక – జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యం

వ్యాససంగ్రహం

ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాలు, ట్రాక్టర్లు నేడు తెలంగాణ పల్లెబాటలపై తరచుగా కనిపిస్తున్నాయి. వీటిలో రెండు చక్రాలతో నడిపే అమరిక, నాలుగు చక్రాలతో వేగంగా నడిపే అమరిక, నాలుగు చక్రాలతో నెమ్మదిగా నడిపే అమరిక అని ప్రధానంగా మూడు ఉంటాయి. ఏ నేలపై ఏ అమరికను ఎంచుకోవాలో, ఎందుకు ఎంచుకోవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. అమరిక యంత్రబలాన్ని పంచగలదే గాని నేలలో లేని పట్టును పుట్టించలేదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన. జారడం, దిగబడడం, ఎక్కలేకపోవడం, తేలిపోవడం అనే నాలుగు తెలుగు క్రియలు నేల స్థితిని గుర్తించడానికి ఎలా తోడ్పడతాయో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల నేలల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: నాలుగు చక్రాల చోదకం, పట్టు, చెల్క, రేగడి, దుబ్బ, వాగు, ట్రాక్టరు, వృత్తి పదజాలం.

1. ప్రవేశిక

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. అప్పటికి మన సేద్యం ప్రధానంగా ఎడ్లది, నాగలిది. ఆ తరువాతి ఆరు దశాబ్దాల్లో ఎడ్ల స్థానంలోకి ట్రాక్టరు, బండ్లబాట మీదికి జీపు వచ్చాయి. యంత్రంతో పాటు దాని పదాలు కూడా ఇంగ్లీషులోనే వచ్చాయి. గేరు, క్లచ్చి, స్టీరింగు వంటివి తెలుగు నోట కుదురుకున్నాయి. అయితే నాలుగు చక్రాల చోదకానికి సంబంధించిన మీట దగ్గర ఇప్పటికీ 2హెచ్, 4హెచ్, 4ఎల్ అనే సంకేతాలు మాత్రమే ఉంటాయి. అవి యంత్రం ఏ స్థితిలో ఉందో చెబుతాయి. యంత్రం నిలబడిన నేల ఏ స్థితిలో ఉందో చెప్పవు. ఎంపికకు అవసరమైనది ఆ రెండవ సమాచారమే.

భారతదేశంలో ఈ వాహనాల చరిత్ర దీర్ఘమైనది. మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పుతో దీనికి నాంది పలికింది. మారుతి జిప్సీ 1985లో, థార్ తొలి నమూనా 2010లో, మలి నమూనా 2020లో, జిమ్నీ 2023లో వచ్చాయి. ఒకప్పుడు సైన్యానికి, పోలీసు, అటవీ శాఖలకు పరిమితమైన సదుపాయం ఇప్పుడు సొంత వాహనాల్లోకి, మధ్యతరహా రైతు ట్రాక్టర్లలోకి చేరింది. యంత్రం విస్తరించిన వేగంతో దానిపై అవగాహన విస్తరించలేదు. ‘ఫోర్‌బైఫోర్ బండి ఎక్కడికైనా పోతుంది’ అనే నమ్మకం ఆ లోటునుంచి పుట్టినదే. వానకాలంలో ఈ నమ్మకానికి చెల్లించే మూల్యం ఒక్కోసారి ప్రాణమే అవుతుంది. కనుక ఈ విషయాన్ని తెలుగులో, మన నేల పేర్లతో వివరించుకోవలసిన అవసరం ఉంది.

పరిశీలనకు ఎంచుకున్న మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. జనగామ ప్రధానంగా ఎర్రచెల్కల మెట్టప్రాంతం. మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు, మున్నేరు వంటి వాగులు, బయ్యారం, గూడూరు, కొత్తగూడ ప్రాంతాల అడవులు ఉన్నాయి. భూపాలపల్లి జిల్లాలో పత్తి పండే నల్లనేలలు, సింగరేణి బొగ్గుగనులు, మహాముత్తారం, పలిమెల అడవులు, కాళేశ్వరం వద్ద ప్రాణహితను కలుపుకొని సాగే గోదావరి ఇసుకతీరం ఉన్నాయి. నాలుగు చక్రాల చోదకాన్ని పరీక్షించే నేలలు దాదాపు అన్నీ ఈ పరిధిలోనే లభిస్తాయి.

2. పట్టు, బలం, పంపకం

ఈ విషయంలోని గందరగోళమంతా మూడు భావాలను కలిపివేయడం వల్ల ఏర్పడుతుంది. అవి పట్టు, బలం, పంపకం. పట్టు నేలకూ చక్రానికీ మధ్య ఉండేది. బలం ఇంజనుది, గేర్లది. ఆ బలాన్ని ఏ చక్రాలకు చేర్చాలో నిర్ణయించేది పంపకం. అమరిక మార్చినప్పుడు మారేది పంపకం, కొన్ని సందర్భాల్లో బలం. పట్టు మాత్రం మారదు.

ఒక చిన్న లెక్కతో దీనిని స్పష్టం చేయవచ్చు. 1,800 కిలోల వాహనం బరువులో సగం వెనుక ఇరుసుపై ఉందనుకుందాం. తడిసిన బంకమట్టిపై చక్రానికి దక్కే పట్టు దానిపై పడే బరువులో ఐదవ వంతు అనుకుందాం. వెనుక చక్రాలు మాత్రమే నడిస్తే నేల అందుకోగల గరిష్ఠ తోపు 180 కిలోలు. నాలుగు చక్రాలూ నడిస్తే 360 కిలోలు. ఎనిమిది మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు పెరిగే బాటను ఎక్కడానికి, మట్టి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, 225 కిలోల తోపు కావాలి. రెండు చక్రాలతో ఆ బాట ఎక్కడం సాధ్యం కాదు. నాలుగు చక్రాలతో సాధ్యం. ఇంజను అదే, నేల అదే. మారినది పంపకం ఒక్కటే.

ఇప్పుడు అదే బాటపై బ్రేకు వేసిన సందర్భాన్ని చూద్దాం. ఏ కారులోనైనా, జీపులోనైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. కనుక మీట ఏ స్థితిలో ఉన్నా ఆపడానికి దొరికే పట్టు ఆ 360 కిలోలే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఆ నేలపై బ్రేకు వేశాక ఆగడానికి సుమారు 31 మీటర్లు పడుతుంది. ఎండిన తారు రోడ్డుపై అది సుమారు 9 మీటర్లు. అంటే నాలుగు చక్రాల చోదకం వాహనాన్ని ముందుకు కదిలించడంలో సాయపడుతుంది గాని ఆపడంలో సాయపడదు. తడినేలపై బండి సులువుగా వేగం అందుకుంటున్నదన్న కారణంతో నేల బాగుందని భ్రమపడిన డ్రైవరుకు అసలు స్థితి బ్రేకు తొక్కినప్పుడే తెలుస్తుంది.

3. అమరికల స్వరూపం

3.1. 2హెచ్: ఇందులో ఇంజను బలం సాధారణంగా వెనుక చక్రాలకే చేరుతుంది. ఎండిన తారు, సిమెంటు రోడ్లకు ఇదే సరైన అమరిక.

3.2. 4హెచ్: ట్రాన్స్‌ఫర్ కేస్ అనే గేర్లపెట్టె ద్వారా ముందు, వెనుక ఇరుసులు రెండింటికీ బలం చేరుతుంది. వేగంలో తగ్గుదల ఉండదు. పట్టు తక్కువై, బండికి బలం చాలినంత ఉన్నచోట ఇది ఉపయోగపడుతుంది.

3.3. 4ఎల్: నాలుగు చక్రాలకూ బలం చేరడంతో పాటు మరొక గేరు తగ్గింపు తోడవుతుంది. ఈ తగ్గింపు రెండున్నర రెట్లయితే చక్రం దగ్గరి తిప్పుడు బలం రెండున్నర రెట్లు పెరుగుతుంది. వేగం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. మొదటి గేరులో గంటకు 7 కిలోమీటర్ల వేగంతో పోయే బండి అదే ఇంజను వేగం వద్ద 3 కిలోమీటర్లలోపే పోతుంది. మనిషి నడకకంటె నెమ్మదిగా, ఇంజను ఆగిపోకుండా నడపగలగడమే దీని ప్రయోజనం.

థార్, జిమ్నీ వంటి వాహనాల్లోని పద్ధతిలో 4హెచ్ వేసినప్పుడు ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా ముడిపడతాయి. మలుపులో ఇది సమస్య అవుతుంది. ఇరుసుల మధ్య దూరం 2.45 మీటర్లున్న వాహనం వెనుక ఇరుసు మధ్యభాగం 6 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, ముందు ఇరుసు మధ్యభాగం సుమారు 6.48 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది. పూర్తి చుట్టు తిరిగితే వెనుక ఇరుసు 37.7 మీటర్లు, ముందు ఇరుసు 40.7 మీటర్లు ప్రయాణిస్తాయి. ఈ మూడు మీటర్ల తేడాను బురదనేల చక్రాల స్వల్ప జారుడుతో సర్దుతుంది. ఎండిన తారు సర్దనివ్వదు. ఆ ఒత్తిడి ఇరుసులు, గేర్లు, టైర్లపై పడుతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది, మీట వెనక్కు రాకుండా మొరాయిస్తుంది. అటువంటప్పుడు బండిని కొద్దిదూరం నిటారుగా వెనక్కు నడిపితే ఒత్తిడి సడలి మీట వదులవుతుంది. ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ గాని, తనంతట తానే పట్టి వదిలే క్లచ్చి గాని ఉన్న ఆల్‌వీల్ డ్రైవ్ కార్లకు ఈ ఇబ్బంది లేదు. కాని వాటిలో చాలావాటికి 4ఎల్ ఉండదు. వాటి తెరపై కనిపించే బురద, ఇసుక వంటి ఎంపికలు బలం అందే తీరును సవరిస్తాయే గాని గేరు తగ్గింపును ఇవ్వవు.

4హెచ్‌ను బండి నిటారుగా నెమ్మదిగా సాగుతుండగా వేసుకునే వీలు చాలా వాహనాలలో ఉంటుంది. వేగపరిమితి ఆయా వాహనాల పుస్తకంలో ఉంటుంది. 4ఎల్‌కు మాత్రం బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్చి తొక్కి మార్చడం క్షేమం. చక్రాలు గిరగిర తిరుగుతున్నప్పుడు ఏ అమరికనూ మార్చరాదు.

నాలుగు చక్రాల చోదకం ఉన్నా బండి కదలని సందర్భం ఒకటుంది. సాధారణ డిఫరెన్షియల్ ఒక ఇరుసుపై ఉన్న రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలాన్నే ఇస్తుంది. ఒక చక్రం గాలిలోకి లేస్తే దానికి కావలసిన బలం అత్యల్పం. కనుక రెండవ చక్రానికి దక్కేదీ అత్యల్పమే. గుంతల బాటలో ముందు ఎడమచక్రం, వెనుక కుడిచక్రం ఒకేసారి తేలితే ఆ రెండూ తిరుగుతూ ఉంటాయి, నేలమీది రెండూ నిలిచిపోతాయి. డిఫరెన్షియల్ లాక్ అవసరం ఇక్కడే ఏర్పడుతుంది. లాక్ వేసినంతసేపు నిటారుగానే నడపాలి.

4. నేలను పరిశీలించడం: క్రియల ఆధారం

బండి ఆగిపోయినప్పుడు పల్లెల్లో వినిపించే వాక్యాలు సామాన్యంగా తోచినా రోగనిర్ణయంలో కచ్చితమైనవి. ‘బండి జారుతున్నది’, ‘దిగబడ్డది’, ‘ఎక్కుతలేదు’ అనేవి మూడు వేర్వేరు స్థితులు. మూడింటికీ పరిష్కారాలు వేరు. నాలుగవదైన ‘తేలుతున్నది’ అనే స్థితికి పరిష్కారమే లేదు. దానిని ఆరవ భాగంలో పరిశీలిద్దాం.

4.1. జారడం: పైపొర నునుపై, అడుగుపొర గట్టిగా ఉన్నప్పుడు బండి జారుతుంది. జనగామ ప్రాంతపు చెల్కలు ఇసుకపాలు ఎక్కువగా ఉండి నీటిని త్వరగా ఇంకించుకుంటాయి. ఎండినప్పుడు చెల్కబాటపై, చదును చేసిన మొరం బాటపై 2హెచ్ చాలు. వాన వెలిసిన వెంటనే పైన పలుచని బురద ఏర్పడుతుంది, కింది నేల గట్టిగానే ఉంటుంది. ఇక్కడ 4హెచ్ వేసి, రెండవ లేదా మూడవ గేరులో, యాక్సిలరేటరు హెచ్చుతగ్గులు లేకుండా నడపాలి. 4ఎల్ ఇక్కడ పనికిరాదు. చక్రం దగ్గర అవసరానికి మించిన బలం చేరితే ఉన్న కొద్దిపాటి పట్టూ తెగిపోతుంది. గనుల ప్రాంతంలో బొగ్గుపొడి, మట్టి కలిసి తడిసిన రోడ్లపైనా ఇదే నియమం వర్తిస్తుంది. తడిసిన తారు రోడ్డుపై మాత్రం 2హెచ్‌లో వేగం తగ్గించి నడపడమే మేలు.

4.2. దిగబడడం: పైపొర మాత్రమే గాక కింది నేల కూడా బరువు మోయలేని స్థితి ఇది. సమస్య పట్టుది కాదు, నేల మోతశక్తిది. రేగడి, ఇసుకదుబ్బ, జాలు పట్టిన పొలం ఈ కోవలోనివి. అయితే వీటి స్వభావం ఒకటి కాదు.

రేగడిలోని బంక నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. తడిసిన రేగడి టైరు గాడులలో నిండిపోతుంది. అప్పుడు టైరు నునుపైన డోలులా మారుతుంది. భూపాలపల్లి జిల్లాలోని పత్తిచేల బాటల్లో వానకాలంలో జరిగేది ఇదే. తప్పనిసరిగా దాటవలసి వస్తే 4ఎల్ ముందే వేసుకుని, రెండవ లేదా మూడవ గేరులో ఆగకుండా సాగాలి. మధ్యలో ఆగి అమరిక మార్చే అవకాశం రేగడి ఇవ్వదు. వీలైతే ఒకటి రెండు రోజుల ఎండ కోసం ఆగడం అన్నిటికంటె మంచి ఎంపిక. తడి రేగడిలో పడిన చక్రాల గాళ్లు ఎండాక రాళ్లలా గట్టిపడి, ఆ బాటను తరువాతి వారికి పనికిరాకుండా చేస్తాయి.

ఇసుక లక్షణం దీనికి భిన్నం. ఇసుకరేణువులు ఒకదానినొకటి అంటిపెట్టుకోవు. చక్రం తిరిగినకొద్దీ పక్కకు తొలగి గొయ్యి ఏర్పడుతుంది. మహదేవపూర్, కాళేశ్వరం ప్రాంతపు గోదావరి దుబ్బల్లో 4హెచ్ వేసి, ఉన్న ఊపు పోకుండా నడపాలి. బాగా మెత్తని చోట 4ఎల్ అవసరమవుతుంది. అమరిక కంటె ఇక్కడ ఎక్కువ పనిచేసేది టైరులోని గాలి. 32 పీఎస్‌ఐ ఉన్న గాలిని 18 పీఎస్‌ఐ దాకా తగ్గిస్తే టైరు నేలను తాకే వైశాల్యం పెరిగి, బరువు ఎక్కువచోటుకు పంచబడుతుంది. ఎండ్ల బండి చక్రం దిగబడేచోట ఒంటె పాదం దిగబడకపోవడానికి కారణం కూడా ఈ వైశాల్యమే. గాలి తగ్గించాక వేగంగా మలుపులు తిరగకూడదు. రోడ్డెక్కిన వెంటనే మళ్లీ గాలి నింపాలి. లేకపోతే టైరు వేడెక్కి దెబ్బతింటుంది.

దిగబడిన బండి విషయంలో చేయకూడనిది ఒకటే: ఇంజను గట్టిగా ఇవ్వడం. ‘చక్రం తిరుగుతున్నది గాని బండి కదుల్తలేదు’ అన్న మాట వినబడగానే యాక్సిలరేటరు వదలాలి. ఆ తరువాతి ప్రతి చుట్టూ గోతిని లోతు చేస్తుంది. చక్రాల ముందు మట్టి తీసి, కొమ్మలో రాళ్లో వేసి, వచ్చిన గాడిలోనే వెనక్కు రావడం తరచుగా ఫలిస్తుంది.

4.3. ఎక్కలేకపోవడం: నేల గట్టిదే, పట్టూ ఉంది; బలం లేదా నియంత్రణ చాలదు. బయ్యారం, గూడూరు, పలిమెల వైపు అటవీబాటల్లోని రాళ్ల ఎక్కుళ్లు, ఒర్రెల గట్లు ఇటువంటివి. 4ఎల్‌కు అసలైన స్థానం ఇది. మొదటి గేరులో, క్లచ్చిని సగం తొక్కి ఉంచకుండా, చక్రం ఒక్కొక్క రాయినీ నెమ్మదిగా ఎక్కేలా నడపాలి. దిగుడులో 4ఎల్ విలువ ఇంకా ఎక్కువ. మొదటి గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది కనుక బ్రేకు తొక్కి చక్రాలు బిగుసుకునే ప్రమాదం తప్పుతుంది. గడ్డు దిగుడులో క్లచ్చి తొక్కడమంటే ఆ ఆధారాన్ని చేతులారా వదులుకోవడమే.

5. ట్రాక్టరు: సామ్యాలు, భేదాలు

దేవాదుల ఎత్తిపోతల నీరు జనగామ చెరువులకు, శ్రీరాంసాగర్ నీరు కాకతీయ కాలువ ద్వారా మహబూబాబాద్ పొలాలకు చేరడంతో ఒకప్పటి ఖుష్కి భూములు కొన్ని తరి అయ్యాయి. మెట్టదున్నకానికి సరిపోయిన ట్రాక్టరు దమ్ము చేయవలసి వచ్చింది. నాలుగు చక్రాల ట్రాక్టరు అవసరం ఈ మార్పుతో ముడిపడి ఉంది.

ట్రాక్టరులో ముందు చక్రాలు చిన్నవి. నాలుగు చక్రాల అమరికలో వాటి అంచువేగం వెనుక చక్రాల కంటె కొద్ది శాతం ఎక్కువ ఉండేలా గేర్లను కూర్చుతారు. మెత్తని నేలలో ఇది ముందుభాగాన్ని లాగుతూ స్టీరింగుకు సాయపడుతుంది. గట్టి రోడ్డుపై అదే తేడా టైర్లను అరగదీస్తుంది. కనుక పొలం దాటి రోడ్డెక్కగానే దీనిని తీసివేయడం నియమం. దున్నేటప్పుడు చక్రాల జారుడు సుమారు 8 నుంచి 15 శాతం మధ్య ఉంటే పని సజావుగా సాగుతున్నట్లు లెక్క. అంతకు మించితే డీజిలు, టైరు రెండూ వృథా.

జీపుకు వర్తించని ఒక మినహాయింపు ట్రాక్టరుకు ఉంది. చాలా ట్రాక్టర్లలో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. నాలుగు చక్రాల అమరిక వేసినప్పుడు ముందు చక్రాలు కూడా వెనుకవాటితో ముడిపడి బ్రేకులో పాలుపంచుకుంటాయి. బ్రేకుల్లేని ట్రాలీలో బరువు వేసుకుని చెరువుకట్టనో, గుట్టబాటనో దిగేటప్పుడు ఈ అమరిక వేసి ఉంచడం అందుకే క్షేమకరం. ‘రోడ్డెక్కితే తీసెయ్’ అన్న నియమాన్ని కారణం తెలియకుండా పాటించేవారు దిగుడులో కూడా తీసివేస్తారు. నియమంతో పాటు కారణం కూడా బోధించవలసిన ఆవశ్యకతను ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

దమ్ములో దిగబడిన ట్రాక్టరును బయటకు తీసే ప్రయత్నం సేద్యంలోని ప్రమాదకరమైన పనుల్లో ఒకటి. వెనుక చక్రాలు కదలలేని స్థితిలో ఇంజను బలం వాటిని తిప్పలేక, ఇరుసు చుట్టూ ట్రాక్టరు ముందుభాగాన్నే పైకి లేపుతుంది. రెప్పపాటులో ట్రాక్టరు వెనక్కు తిరగబడి డ్రైవరుపై పడవచ్చు. వెనుక చక్రాలకు దుంగ కట్టి ముందుకు పోనిచ్చే అలవాటు ఈ ప్రమాదాన్ని ఆహ్వానిస్తుంది. వెనక్కు నడిపి చూడడం, కుదరకపోతే మరొక ట్రాక్టరుతో తక్కువ ఎత్తునుంచి కట్టి లాగించడం సరైన మార్గాలు. ఇక కేజ్‌వీల్స్ పొలానికే పరిమితం కావాలి. వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డూ పాడవుతుంది, ఇనుము తారును పట్టక ట్రాక్టరూ అదుపు తప్పుతుంది.

6. తేలిపోవడం: అమరిక లేని స్థితి

2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి మండలంలోని మోరంచపల్లిని ముంచెత్తింది. ఇళ్ల కప్పులెక్కిన గ్రామస్థులను పడవలతో, హెలికాప్టర్లతో కాపాడవలసి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం వద్ద ఆకేరు వాగు ఉధృతికి కారు కొట్టుకుపోయి అందులోని ఇద్దరు మరణించారు. అదే రోజు కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలుపట్టాల కింది కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రైలుకట్టనే కోసివేసిన నీటి ముందు జీపు మీట ఏ స్థితిలో ఉందన్నది ప్రశ్నే కాదు.

దీని వెనుక ఉన్నది కూడా సరళమైన లెక్కే. మనం ముందు తీసుకున్న 1,800 కిలోల వాహనం అడుగుభాగం 3.5 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు అనుకుందాం, వైశాల్యం 5.6 చదరపు మీటర్లు. నీరు అడుగుభాగాన్ని దాటి పెరిగే ప్రతి 10 సెంటీమీటర్లకు, లోపలికి నీరు చేరకముందు, 560 కిలోల ఎత్తుడు బలం పుడుతుంది. 30 సెంటీమీటర్లు దాటేసరికి అది 1,680 కిలోలు. నేలపై మిగిలే బరువు 120 కిలోలు. పట్టు బరువులో సగమనుకున్నా మిగిలేది 60 కిలోలు. ఈ అరవై కిలోలను రెండు చక్రాలకు పంచినా నాలుగు చక్రాలకు పంచినా ఫలితం ఒక్కటే. పక్కనుంచి తోసే ప్రవాహం ముందు అది నిలవదు. ఒక అడుగు లోతు ప్రవాహం చాలా కార్లను, రెండడుగుల ప్రవాహం పెద్ద వాహనాలను సైతం తీసుకుపోగలదని అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ హెచ్చరికలు చెబుతాయి. 2020 థార్‌కు ప్రకటించిన 650 మిల్లీమీటర్ల నీటిలోతు వంటి పరిమితులు నిలకడ నీటికే అర్థవంతమైనవి. వాటిని పొంగే వాగుకు అన్వయించరాదు.

నిలిచిన నీటిలో, లోతు మోకాలికి తక్కువని, అడుగున నేల గట్టిదని కర్రతో చూసి తెలుసుకున్నాక, 4ఎల్‌లో గాని 4హెచ్ మొదటి గేరులో గాని నెమ్మదిగా దాటవచ్చు. కాజ్‌వేపై నీరు కదులుతూ ఉంటే ఆగిపోవాలి. రంగు మారిన నీటి కింద రోడ్డు ఉందో, కొట్టుకుపోయిందో పైనుంచి చూసి చెప్పగలవారు లేరు. చెరువు మత్తడి పోస్తున్నప్పుడు దాని కిందిబాటకు కూడా ఇదే వర్తిస్తుంది. ‘ముందు పోయిన బండి దాటింది కదా’ అన్న తర్కం చెల్లదు. వాగు నిమిషాల్లో పెరుగుతుంది.

7. ముగింపు

జనగామ నుంచి కాళేశ్వరానికి బయలుదేరిన ఒక ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాన్ని ఊహిస్తే పై చర్చ అంతా ఒక ప్రయాణంలో ఇముడుతుంది. 163వ జాతీయ రహదారిపైన, ఆత్మకూరు దాటాక పరకాల, భూపాలపల్లి, కాటారం మీదుగా సాగే 353సి రహదారిపైన 2హెచ్ చాలు. దారిలో ఒక ఊరి చెల్కబాటలోకి తడిలో మళ్లితే 4హెచ్. పత్తిచేను పక్క రేగడి ఎదురైతే 4ఎల్, లేదా ఎండ కోసం నిరీక్షణ. మహదేవపూర్ దాటి గోదావరి దుబ్బలోకి దిగితే గాలి తగ్గించిన టైర్లతో 4హెచ్. తిరుగుదారిలో వాగు పొంగితే ఆ రాత్రి దగ్గరి ఊరిలో బస. ఈ చివరిది కూడా అమరికల ఎంపికలో భాగమేనని గుర్తించాలి.

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

– అమరిక బలాన్ని పంచుతుంది, 4ఎల్‌లో పెంచుతుంది; పట్టును సృష్టించదు.
– జారే నేలకు 4హెచ్, ఎక్కలేని నేలకు 4ఎల్ ప్రధాన పరిష్కారాలు. దిగబడే నేలలో అమరికతో పాటు టైరు గాలి, ఊపు, ఓపిక కూడా నిర్ణాయకాలు.
– జీపులో నాలుగు చక్రాల చోదకం బ్రేకుకు తోడ్పడదు. వెనుక బ్రేకులు మాత్రమే ఉన్న ట్రాక్టరులో తోడ్పడుతుంది. ఈ భేదాన్ని డ్రైవర్లకు ప్రత్యేకంగా బోధించాలి.
– పారే నీటికి తగిన అమరిక ఏ వాహనంలోనూ లేదు.
– చెల్క, రేగడి, దుబ్బ, జాలు, ఒర్రె వంటి పదాలు, జారు, దిగబడు, ఎక్కు, తేలు వంటి క్రియలు ఇప్పటికే డ్రైవర్ల నోట ఉన్నాయి. వాహనాల వినియోగ పుస్తకాలు, డ్రైవింగు శిక్షణ పాఠాలు ఈ పదాలను ఆధారం చేసుకుని తెలుగులో రూపొందితే, 2హెచ్, 4హెచ్, 4ఎల్ అనే సంకేతాలకు నేలమీది అర్థం సమకూరుతుంది.

వృత్తి పదకోశాల నిర్మాణం సేకరణతో ముగిసేది కాదు. ఎడ్లబండి నాటి నేల పదాలు యంత్రాల కాలంలో ఏ పనికి వస్తున్నాయో నమోదు చేయడం కూడా ఆ కృషిలో భాగం కావాలి. ఆకేరు ఒడ్డున ఆగవలసిన మనిషిని ఆపగలిగేది అతనికి అర్థమయ్యే మాటే గనుక, ఈ పని భాషాశాస్త్ర ప్రయోజనాన్ని దాటి ప్రాణరక్షణతో ముడిపడి ఉంది.